మీ ప్రశ్నలు, మా జవాబులు: రాయి మీద మొలిచిన గోధుమరంగు పువ్వు

ఈసారి ఉప్పునీటి అక్వేరియం మీద వచ్చిన ఉత్తరాల్లో మూడు అనిమోన్ల (రాళ్ళకి అతుక్కుని పువ్వుల్లా కనిపించే సముద్ర జీవులు) చుట్టూ, ముఖ్యంగా ట్యాంక్‌లో పీడలా పెరిగే ఐప్టేసియా అనే రకం చుట్టూ తిరుగుతున్నాయి, అందుకే మిగతావి వచ్చే సంచికకి పెట్టి పేజీ అంతా దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అండి. మేము టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. రెండు నెలల కిందట 40 గ్యాలన్ల ఉప్పునీటి ట్యాంక్ పెట్టాను, చిన్నప్పటి కోరిక, ఇన్నాళ్ళకి తీరింది. ఫ్లోరిడా నుంచి వచ్చిన లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న జీవులు ఉండే సముద్రపు రాయి) 30 పౌండ్లు వేశాను, సైకిల్ (అమోనియాని మార్చే బ్యాక్టీరియా ట్యాంక్‌లో పెరిగే దశ) అయిపోయింది, రెండు క్లౌన్ చేపలు వేసి మూడు వారాలైంది. మొదట్లో ఒక రాయి మీద చిన్న గోధుమరంగు పువ్వులాంటిది కనిపిస్తే కోరల్ (పగడం) ఏదో ఊరికే వచ్చింది అని సంబరపడి మా ఆవిడకి కూడా చూపించాను. తర్వాత తెలిసింది అది ఐప్టేసియా అంట. కంగారులో కత్తి పెట్టి గీకేశాను. ఇవాళ లెక్కపెడితే 20 పైనే ఉన్నాయి. షాపతను కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప పట్టుకెళ్ళు అంటున్నాడు, ఫ్రెండేమో రాళ్ళన్నీ తీసి మరిగించి మళ్ళీ మొదలుపెట్టమంటున్నాడు, మా ఆవిడ అసలు ట్యాంకే తీసేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక్క మాట అండి, రాళ్ళు మాత్రం మరిగించకండి. మిగతాది నిదానంగా చదువుకోవచ్చు గానీ ఇది ఈ పూటే మీ ఫ్రెండ్‌కి కూడా ఫోన్ చేసి చెప్పండి. లైవ్ రాక్ మీద చొక్కా బొత్తాల్లా గుంపుగా ఉండే జోయాంథిడ్స్ అనే పాలిప్స్ (చిన్న గొట్టాల్లాంటి జీవులు) ఉండొచ్చు, వాటిలో పాలితోవా రకాల్లో కొన్నిట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, మొదటిసారి దీన్ని వేరు చేసింది హవాయిలో, ఆ వివరాలు 1971లో బయటికొచ్చాయి, ప్రకృతిలో దొరికే విషాల్లో మహా ఘాటైనవాటిలో అదొకటి. రాయిని మరిగించినా, పొడి బ్రష్‌తో గట్టిగా రుద్దినా ఆవిరితోనో తుంపరతోనో అది గాల్లోకి లేస్తుంది. జ్వరం, దగ్గు, ఊపిరాడకపోవడం, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, ఒళ్ళు నొప్పులు. అలాస్కాలో యాంకరేజ్‌లో ఇలాంటి కేసులు నమోదయ్యాయి, 2018లో ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒకింట్లో అక్వేరియం కోరల్ శుభ్రం చేస్తే ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి వెళ్ళాల్సొచ్చింది. ఇంట్లో పిల్లలుంటే, కుక్కో పిల్లో ఉంటే ఇంకా జాగ్రత్త.

ఇప్పుడు మీ పువ్వు సంగతి. సన్నటి కాడ, పైన పళ్ళెంలాంటి నోరు, చుట్టూ పొడవుగా సన్నగా మొనదేలిన టెంటకిల్స్ (మీసాల్లాంటివి), లేత గోధుమరంగులో అద్దంలా లోపలికి కనిపించేట్టు ఉంటుంది, వేలు దగ్గరికి తెస్తే టక్కున రంధ్రంలోకి ముడుచుకుపోతుంది, ఇదంతా సరిపోతే ఐప్టేసియానే. అలా కాకుండా పొట్టిగా, లావుగా, టెంటకిల్ కొసల్లో చిన్న బుడిపెలతో, ఆకుపచ్చో గులాబీనో మెరుస్తుంటే అది మజానో, అది కూడా పీడే కానీ కొంచెం నెమ్మదిగా పాకుతుంది. ఈ తేడా ముందే చూసుకోండి, ఎందుకంటే ఐప్టేసియాని తినే జీవుల్లో కొన్ని మజానోని ముట్టుకోవు, డబ్బులు దండగైపోతాయి.

గీకితే ఎందుకు పెరిగాయో చెప్తాను. దీని అడుగున రాయికి అతుక్కునే పాదంలాంటి భాగం ఉంటుంది, అందులోంచి ఆవగింజ కన్నా చిన్న ముక్క రాయి మీద మిగిలినా చాలు, కొన్ని రోజుల్లో దానికే నోరు, టెంటకిల్స్ వచ్చేసి ఇంకో అనిమోన్ అయిపోతుంది. మనం ఏమీ చేయకపోయినా ఆ అనిమోన్ రాయి మీద జరుగుతూ జరుగుతూ వెనకాల ముక్కలు వదిలేసుకుంటూ పోతుంది. అచ్చం రక్తబీజుడి కథే, చుక్క కింద పడిందంటే ఇంకొకడు లేచినట్టే, అమ్మవారు చుక్క కింద పడనివ్వకుండా చేసింది కాబట్టే వాడు చచ్చాడు, మనం చేయాల్సింది కూడా అదే. నా మొదటి ట్యాంక్‌లో నేనూ బ్లేడుతో గీకాను, మూడు ఉన్నవి నెల తిరక్కుండా రాయంతా అయిపోయాయి, ఆ ట్యాంక్ చివరికి నిలబెట్టుకోలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మీకు మాత్రం ఒక పెద్ద అదృష్టం ఉంది అండి, ట్యాంక్ కొత్తది. కోరల్స్ ఇంకా పెట్టలేదు, రాళ్ళు ఒకదానికొకటి అతుక్కోలేదు, ఏ రాయినైనా చేత్తో ఎత్తి బయటికి తీయొచ్చు. రెండేళ్ళ ట్యాంక్‌లో కోరల్స్ రాళ్ళకి పాకేశాక ఇదే సమస్య వస్తే ఆ రాయి కదపలేరు, ఎక్కడ మందు వేసినా పక్క కోరల్‌కి తగులుతుంది. కాబట్టి కొత్తగా ఏదీ కొనకుండా కోరల్స్ కొనే ఆలోచన రెండు మూడు నెలలు వాయిదా వేసి ముందు ఇది తేల్చుకోండి.

రాత్రి లైట్లు ఆరిపోయాక ఒక గంటాగి చిన్న టార్చ్ పట్టుకుని చూడండి, పగలు కనిపించనివి కూడా బయటపడతాయి. ఏ రాయి మీద ఎన్ని ఉన్నాయో కాయితం మీద బొమ్మ గీసుకుని గుర్తు పెట్టుకోండి. ఒకటో రెండో చిన్న రాళ్ళ మీదే పది పదిహేను గుంపుగా ఉన్నాయనుకోండి, ఆ రాళ్ళ మీద ఆశ వదిలేసుకోండి, బయటికి తీసి ఎండలో కొన్ని వారాలు పూర్తిగా ఆరనిస్తే అంతా చచ్చిపోతుంది, తర్వాత డ్రై రాక్‌గా (జీవులేవీ లేని పొడి రాయిగా) మళ్ళీ వాడుకోవచ్చు, కాకపోతే మళ్ళీ వేసే ముందు బకెట్లో ఉప్పునీళ్ళలో కొన్నాళ్ళు ఉంచి అమోనియా రావట్లేదని టెస్ట్ చేసుకోవాలి. ఎండబెట్టేటప్పుడు ఇంట్లో కాదు, పెరట్లో, గ్లవ్స్ వేసుకుని. అన్ని రాళ్ళూ మాత్రం ఒకేసారి తీయొద్దు, మీ ట్యాంక్‌లో అమోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువ శాతం ఆ రాళ్ళలోనే కాపురం ఉంది, అవి పోతే క్లౌన్ చేపలు ఇబ్బంది పడతాయి.

పెద్ద రాయి మీద ఒకటీ అరా ఉన్నచోట ఇంకో పద్ధతి, రాయిని తడిగానే బయట పెట్టి, కళ్ళద్దాలు, గ్లవ్స్ పెట్టుకుని, అనిమోన్‌ని ముట్టుకోకుండా దాని చుట్టూ రాయినే ఉలితో ముక్కగా కొట్టి తీసేయడం. అనిమోన్ ఏ ముక్కని పట్టుకుందో ఆ ముక్కతో సహా పోతుంది, పాదం తెగదు. తర్వాత రాయిని వేరే బకెట్లో ఉప్పునీళ్ళలో జాడించి అప్పుడు ట్యాంక్‌లో పెట్టండి, జాడించిన నీళ్ళు ట్యాంక్‌లో పోయకండి.

ఇక కదపలేని చోట ఉన్నవాటికి సున్నం. అవునండి మన సున్నమే, కాల్షియం హైడ్రాక్సైడ్, అక్వేరియం షాపుల్లో కాల్క్‌వాసర్ అని అమ్ముతారు, జర్మన్‌లో ఆ మాటకి అర్థమే సున్నపు నీళ్ళు. తాంబూలంలో సున్నం కాస్త ఎక్కువైతే నోరు పొక్కిపోతుంది కదా, అనిమోన్‌కి నోరు తప్ప ఒంట్లో పెద్దగా ఇంకేం లేదు, దానికి ఇంకెలా ఉంటుందో చూడండి. అలాగని కిళ్ళీ సున్నం డబ్బా వాడకండి, అందులో ఇంకేం కలిపారో మనకి తెలీదు, అక్వేరియం కోసం అమ్మే పొడే తీసుకోండి. రెండు టీస్పూన్ల పొడికి కొంచెం కొంచెంగా ఆర్ఓ నీళ్ళు చేర్చుతూ దోశల పిండిలా కలుపుకోండి, సూదిలేని 3 ఎంఎల్ సిరంజిలోకి తీసుకోండి. పంపులు అన్నీ ఆపేయండి. చిటికెడు తిండి నీళ్ళలో వేస్తే అనిమోన్లు బాగా విచ్చుకుంటాయి, అప్పుడు నెమ్మదిగా, నీళ్ళు కదలకుండా, సిరంజి కొస నోటి మీదకి తెచ్చి నోరంతా మూసుకుపోయేలా వదలండి, పొడవకండి, పొడిస్తే లోపలికి పారిపోయి ఇంకో పక్క నుంచి లేస్తుంది. 20 నిమిషాలు అలా వదిలేసి అప్పుడు పంపులు వేయండి. రోజుకి నాలుగైదు మించకండి, మధ్యలో రెండు రోజులు గ్యాప్ ఇవ్వండి, ఎందుకంటే సున్నపు నీళ్ళ పీహెచ్ 12 దాటి ఉంటుంది, మీది 150 లీటర్ల ట్యాంకే, ఇరవైటికీ ఒకే రాత్రి పెట్టేస్తే అనిమోన్ల కంటే ముందు చేపలు పోతాయి. వేసే ముందూ తర్వాతా పీహెచ్, ఆల్కలినిటీ (క్షారత్వం) చూసుకోండి. కంట్లో పడకుండా అద్దాలు పెట్టుకోవడం మర్చిపోకండి.

సున్నం కలుపుకునే ఓపిక లేకపోతే ఐప్టేసియా ఎక్స్ లాంటి రెడీమేడ్ మందులున్నాయి, వాడే విధానం ఇదే. నిమ్మరసం, మరిగే నీళ్ళు సిరంజితో ఎక్కించడం కూడా చాలామంది చేస్తారు, చిన్నవాటికి పనిచేస్తాయి, పెద్దవి వారానికి మళ్ళీ లేవడం నేను చూశాను. సూపర్ గ్లూతో కప్పేస్తే అంచు పక్క నుంచి పాక్కుంటూ వచ్చేస్తుంది. లైట్లు ఆపేసి చీకట్లో పెడితే చస్తుంది అనుకోకండి, రంగు పోయి తెల్లబడుతుంది, అంతే, తిండి దొరికితే బతికే ఉంటుంది. కాపర్ మందు మాత్రం ఎవరు చెప్పినా ట్యాంక్‌లో పోయకండి, అది రాళ్ళలోకి ఇంకిపోతుంది, తర్వాత మీరు ఎన్నాళ్ళకి రొయ్యనో నత్తనో కోరల్‌నో వేసినా బతకదు.

కాపర్‌బ్యాండ్ గురించి షాపతను చెప్పింది సగం నిజం. పొడుగు ముక్కుతో రంధ్రాల్లోంచి ఐప్టేసియాని లాక్కుని తింటుంది, కొన్ని తింటాయి, కొన్ని వాటి వైపు కూడా చూడవు. అది 20 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప, 40 గ్యాలన్లు దానికి జైలుగదే, పైగా షాపు తిండికి అలవాటు పడక చాలావి ఆకలితో ఎండి చచ్చిపోతాయి. రెండు నెలల కొత్త ట్యాంక్‌లో దాన్ని వేయడం ఆ చేపకి అన్యాయం, మీ సమస్య తీర్చడానికి ఇంకో జీవిని చంపుకోవద్దు అని నా గట్టి మనవి.

మీ సైజుకి పెప్పర్‌మింట్ రొయ్యలు సరిపోతాయి, మూడో నాలుగో. ఫ్లోరిడా వైపు దొరికే రకమే, మీ రాళ్ళ ఊరివే అనుకోండి. పగలు దాక్కుంటాయి, రాత్రి తిరిగి చిన్న చిన్న ఐప్టేసియాలని తుడిచిపెట్టేస్తాయి, పెద్దవాటిని ముట్టుకోవు, అందుకే పెద్దవాటికి సున్నం, చిన్నవాటికి రొయ్యలు. కొనేటప్పుడు బాగా చూడండి, ఒళ్ళు సగం పారదర్శకంగా ఉండి సన్నటి ఎర్ర గీతలుంటే పెప్పర్‌మింట్, వీపు మీద గూనితో ఎర్ర గీతల మధ్య తెల్ల చుక్కలు కొట్టొచ్చినట్టుంటే అది క్యామెల్ రొయ్య, రేపు మీరు పెట్టబోయే కోరల్స్ తినేస్తుంది, షాపుల్లో ఈ రెండూ కలిసిపోవడం మామూలే.

ఇంకొకటి బెర్ఘియా అనే కవచం లేని చిన్న సముద్రపు నత్త, ప్రపంచంలో అది తినేది ఐప్టేసియా ఒక్కటే. వేలి గోరంత ఉంటుంది, వీపు మీద కుచ్చుల్లాంటివి ఉంటాయి, తిన్న అనిమోన్ దంశకణాలని (కుట్టే కణాలని) జీర్ణం చేసుకోకుండా ఆ కుచ్చుల కొసల్లో దాచుకుని తన రక్షణకి వాడుకుంటుంది, ఇంటర్ జువాలజీలో చదివిన దంశకణాలే. చుట్టలు చుట్టలుగా తెల్లటి గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది, మొదటి నెల ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా తేడా కనిపిస్తుంది. ఐప్టేసియా అయిపోతే తిండి లేక అవీ పోతాయి, ఆ లోపే మిగిలినవాటిని ఇంకెవరికైనా ఇచ్చేయండి. రొయ్యలూ బెర్ఘియా ఒకే ట్యాంక్‌లో వద్దు, రొయ్యలు వాటిని తినేస్తాయి. బెర్ఘియాని పవర్‌హెడ్‌లోకి (ట్యాంక్‌లో నీళ్ళు తిప్పే పంపులోకి) లాక్కుపోకుండా స్పాంజి కట్టాలి. మీకున్న ఇరవైకి ఇంత అక్కర్లేదు అని నా అభిప్రాయం, వందలు దాటితే అప్పుడు ఆలోచించండి.

ఇంకో సంగతి, చేపలకి ఎంత వేస్తున్నారో రాయలేదు మీరు. రెండు చిన్న క్లౌన్ చేపలకి రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత చాలు. మిగిలిన ప్రతి పలుకూ రాళ్ళ సందుల్లో ఐప్టేసియా నోట్లోకే పోతుంది, మనమే పెంచి మనమే చంపుతున్నట్టు అవుతుంది. మీ ఆవిడకి చెప్పండి, మూడు నెలలు టైమివ్వమని, వారానికి రెండు రాత్రులు అరగంట చొప్పున పని అంతే. అప్పటికీ ఒకటో రెండో ఎక్కడో వెనకాల మిగిలే ఉంటాయి, పర్లేదు, కనిపించినప్పుడల్లా సున్నం పెట్టుకుంటూ పోవాలి. ఇక ముందు ఏ కోరల్ కొన్నా అది అతికించి ఉన్న ప్లగ్ (చిన్న దిమ్మ) అడుగు కూడా భూతద్దంతో చూసి, వీలైతే కోరల్‌ని వేరే ప్లగ్ మీదకి మార్చి, రెండు మూడు వారాలు వేరే చిన్న ట్యాంక్‌లో ఉంచి అప్పుడు వేయండి.

ప్రశ్న: మాది హైదరాబాద్ అండి. మా బాబు తొమ్మిదో తరగతి, వాడి ఫ్రెండ్ వాళ్ళింటి నుంచి రాయి తెచ్చి వాడి చిన్న ఉప్పునీటి ట్యాంక్‌లో వేశాడు, దాని మీద నాలుగు ఐప్టేసియాలు ఉన్నాయి. క్లౌన్ చేపకి ఇల్లు దొరికిందమ్మా అని సంతోషపడుతున్నాడు. తీసేయమంటే ఏడుపు. ఉంచేయొచ్చా? మా చిన్న పాప ట్యాంక్‌లో చేయి పెడుతుంది, కుడుతుందా?

జవాబు: అమ్మా, క్లౌన్ చేపలు సముద్రంలో ఇల్లు కట్టుకునేది పది రకాల అనిమోన్లలోనే, అందులో ఐప్టేసియా లేదు. అవి పెద్దవి, కొన్ని పళ్ళెమంత, కొన్ని తివాచీ అంత. ఇదేమో బొటనవేలంత, చేప దీనిలో దూరేదీ లేదు ఇది చేపని కాపాడేదీ లేదు, పైగా పక్కన ఉన్నవాటిని కుడుతుంది. మనుషుల చేతికి చాలామందికి ఏమీ తెలీదు, కొందరికి దురద, మంట వస్తాయి, పాపని మాత్రం చేయి పెట్టనివ్వకండి, గాయం ఉన్న చేతితో మీరూ పెట్టకండి, బయటికి తీశాక సబ్బుతో కడుక్కోండి.

కానీ వాడి ముచ్చట తీసేయక్కర్లేదు. ఆ నాలుగూ ఉన్న రాయి ముక్కని ఒక గాజు సీసాలో, అదే ట్యాంక్ ఉప్పునీళ్ళు పోసి, వేరేగా పెట్టించండి, దానికి వాడే యజమాని. మనం చంపడానికి ఇంత తంటాలు పడే ఈ జీవినే లేబరేటరీల్లో ప్రేమగా పెంచుతారు తెలుసా, కోరల్స్‌ని పెంచడం కష్టం, ఇదేమో ఎలా ఉంచినా బతుకుతుంది, ఒళ్ళంతా కోరల్స్‌లో ఉండేలాంటి ఆల్గేలే (నాచులాంటి అతిచిన్న జీవులే), అందుకని కోరల్స్ ఎందుకు తెల్లబడి చచ్చిపోతున్నాయో తెలుసుకోడానికి దీన్నే వాడతారు, 2015లో దీని జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) కూడా ప్రచురించారు. మీ బాబుని రెండు సీసాలు పెట్టమనండి, ఒకటి వెలుగులో, ఒకటి అట్టపెట్టెలో చీకట్లో, రెండింటికీ వారానికి రెండుసార్లు రెండు మూడు బ్రైన్ ష్రింప్ (చేపల మేతగా వాడే చిన్న రొయ్యల్లాంటివి) పిల్లలు, వారానికోసారి నీళ్ళు మార్పు. కొన్ని వారాలకి చీకట్లోది గోధుమరంగు పోయి తెల్లగా గాజులా అయిపోతుంది, ఆల్గే పోయింది కాబట్టి. వాడికి సైన్స్ ఫెయిర్‌కి ఇంతకన్నా మంచి ప్రాజెక్ట్ నాకు తోచట్లేదు. ఒక్కటే షరతు, సీసాకి వాడిన సిరంజి, గిన్నె ఏదీ ట్యాంక్‌లో ముంచకూడదు.

ప్రశ్న: సర్, నేను వైజాగ్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఇక్కడ ఆటు సమయంలో బీచ్ రాళ్ళ మధ్య గుంటల్లో అనిమోన్లు చాలా కనిపిస్తాయి. లైవ్ రాక్ కొనే డబ్బు లేదు, అవే రాళ్ళు తెచ్చుకుని ట్యాంక్ మొదలుపెట్టొచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ. నువ్వు తెచ్చే రాయి మీద ఏముందో నీకూ తెలీదు నాకూ తెలీదు, పై ఉత్తరంలో డబ్బు పెట్టి కొన్న రాయితోనే ఇంత గొడవైంది. గుంటల్లో ఉండే జీవులు గంటకో రకం ఎండకి, ఉప్పుకి, అలలకి అలవాటు పడ్డవి, నిలకడ నీళ్ళలో కుళ్ళి ట్యాంక్ మొత్తాన్ని పాడుచేస్తాయి. రాయికి కోరల్ ఏదైనా అంటుకుని ఉంటే అది ఇంకో సమస్య, రీఫ్ కట్టే కోరల్స్ అన్నీ మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ, చచ్చిన ముక్క దగ్గర పెట్టుకున్నా నేరమే. సముద్రపు గుర్రాలకి కూడా ఆ చట్టం రక్షణ ఉంది.

డబ్బు లేకపోతే డ్రై రాక్‌తో మొదలుపెట్టు, చవగ్గా వస్తుంది, తెగుళ్ళేవీ రావు, సైకిల్‌కి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఓపిక పడితే చాలు. గుంటల్లో అనిమోన్లని చూడాలని ఉంటే ఆటు వేళకి వెళ్ళి అక్కడే కూర్చుని చూడు, టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) చూసుకుని వెళ్ళు, రాయి తిప్పితే మళ్ళీ అలాగే పెట్టు. ఇంకొకటి, రేపు నీ ట్యాంక్‌లో ఏ అనిమోనో చేపో ఎక్కువైతే దాన్ని తీసుకెళ్ళి మన సముద్రంలో మాత్రం వదలకు. మన హిందూ మహాసముద్రం, పసిఫిక్ వైపు ఉండే లయన్ ఫిష్‌ని ఎవరో అక్వేరియంల నుంచి అట్లాంటిక్‌లో వదిలేశారని అనుకుంటారు, 1985లో ఫ్లోరిడా దగ్గర మొదట కనిపించింది, ఇప్పుడు కరీబియన్ అంతా అదే, అక్కడి చిన్న చేపలన్నిట్నీ తినేస్తోంది. పీడ అనిమోన్ ఉన్న రాయైతే ఎండలో పూర్తిగా ఎండబెట్టి అప్పుడు పారేయి, ఆ నీళ్ళు బీచ్‌లో కాకుండా ఇంటి డ్రైనేజీలో పోయి.